సంఘం బండికి పోయింది కేబులు, గేర్ బాక్సు కాదు



వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో మన బండిని కాయలాన్ కడకు ఇచ్చేద్దామా వద్దా అని తేల్చబోతున్నారు. గ్రూపులో ఇప్పటికే చాలామంది "ఇచ్చేయండి, పీడ వదులుతుంది" అని బొటనవేలు బొమ్మ పెట్టేసినారు. ఆ బండిని వంతుల ప్రకారం తోలే మేము నలుగురం మాత్రం ఇంతవరకు నోరు తెరవలేదు. దానికి కారణం ఉంది, అదీ ఇందులోనే చెప్తాము. పొడుగ్గా రాస్తామని మీకు తెలుసు. రైల్వేలో జీవితమంతా ఫైళ్ళు రాసిన చెయ్యి ఇది, రెండు ముక్కల్లో ఆగదు. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాత మన సంఘం ఆదివారం క్లాసులో యాభై దాటినాక నేర్చుకున్నది. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

మా మాట ముందే చెప్పేస్తాము. మన బండి గేర్ బాక్సు పోలేదు. గేరు రాడ్ నుంచి గేర్ బాక్సు దాకా పోయే కేబులు తుప్పు పట్టింది. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఎనభై ఐదు వేలు అడిగిన పనికి నాలుగు వేలు చాలు. ఆ నాలుగు వేలు ఖర్చు పెట్టకుండా బండిని నలభై వేలకు తూకం వేసి ఇచ్చేయడం తప్పు అని మా అభిప్రాయం.

బండి 2011 మోడల్. మన సభ్యుల్లో ఒకరి కొడుకు విదేశం పోతూ సంఘానికి ఇచ్చి పోయినాడు. అప్పుడూ "మనకెందుకు ఈ తలనొప్పి" అన్నవాళ్ళు ఉన్నారు. తీసుకుందాం అని మేము పట్టుబట్టింది ఒకే కారణానికి, అది ఆటోమేటిక్. క్లచ్ లేదు, ఎడమ కాలికి పని లేదు. తోలే మా నలుగురిలో ఒకరికి ఎడమ మోకాలు మార్చినారు. ఇద్దరికి మార్చుకోమని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది, భయానికి ఇంకా పోలేదు. క్లచ్ తొక్కి పెరంబూరు నుంచి సెంట్రల్ దాకా ట్రాఫిక్కులో పోగలిగేది మాలో ఒక్కరే. కాబట్టి "ఇది ఇచ్చేసి ఒక పాత మామూలు కారు కొందాం" అనే మాట దయచేసి అనవద్దు. కొంటారు సరే, తోలేదెవరు?

ట్రిప్ రిజిస్టర్ మా దగ్గరే ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. పోయిన సంవత్సరం 212 ట్రిప్పులు. అందులో 96 ఒక్క పెద్దమ్మ డయాలసిస్‌కే. వారానికి రెండు సార్లు, పొద్దున్నే అయిదున్నరకు. ఆ వేళకు ఆటో దొరకడం ఒక కష్టమైతే, నాలుగు గంటలు పడుకొని లేచిన మనిషిని ఆ ఆటోలో గుంతల మీద ఎగరేసుకుంటూ తీసుకురావడం ఇంకో కష్టం. ఇదంతా మీకు తెలియనిది కాదు.

ఇక మేము నోరు తెరవని కారణం.

గేరు రాడ్ ఒక్క రోజులో బిగుసుకోలేదు. పోయిన ఏడాది నుంచే పొద్దున బండి తీసేటప్పుడు పీ నుంచి ఆర్‌కు రావడానికి కొంచెం బలం పెట్టాల్సి వచ్చేది. మధ్యాహ్నానికి ఇంజిను వేడి ఎక్కితే కాస్త వదులయ్యేది. మాలో ఒకరు "పాత బండి కదా" అన్నారు. ఇంకొకరు "మనకూ పొద్దున లేస్తే కీళ్ళు పట్టేస్తాయి కదా, దానికీ అంతే" అన్నారు. అందరం నవ్వినాము. ఆ తర్వాత అలవాటు చేసుకున్నాము. ఎడమ చేత్తో కదలకపోతే కుడి చెయ్యి కూడా వేసి లాగడం, లాగేముందు బటన్ గట్టిగా నొక్కడం, ఒకసారి ముందుకు తోసి వెనక్కి లాగడం, ఇలా ఎవరి కిటుకు వాళ్ళకు వచ్చేసింది. కొత్తగా ఎవరైనా తోలడానికి వస్తే ఆ కిటుకులు నేర్పించినాము కూడా. మన తెలుగు ఇళ్ళలోనూ, తమిళ ఇళ్ళలోనూ ఒకే మాట వింటాము, "అడ్జస్ట్ చేసుకోవాలి." మేము బాగా అడ్జస్ట్ చేసుకున్నాము.

రెండు నెలల క్రితం ఒక సోమవారం. పెద్దమ్మను తీసుకొని ఆసుపత్రి వాకిట్లోని ఏటవాలు మీద ఆపినాము. ఆ రోజు వంతు ఇది రాస్తున్న మాదే. ఆయమ్మకు చెమట పడుతోందని ఏసీ ఆపకుండా, ఇంజిను ఆన్‌లోనే ఉంచి, రాడ్‌ను పీ వైపు తోసినాము. గట్టిగానే తోసినాము. చేతికి ఆగినట్టు తగిలింది. పడిందనుకొని బ్రేకు మీద నుంచి కాలు తీసేసినాము. హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. వెనక డోరు తెరిచి పెద్దమ్మ ఒక కాలు కింద పెట్టింది. బండి వెనక్కి కదిలింది.

వాచ్‌మన్ అరిచినాడు. మేము హ్యాండ్ బ్రేకు లాగినాము. బండి రెండడుగులు పోయి ఆగింది. పెద్దమ్మ భయపడి సీటులోకి వెనక్కి కూలబడింది కాబట్టి సరిపోయింది, ముందుకు పడి ఉంటే తెరిచిన డోరు ఆయమ్మను ఈడ్చుకుపోయేది. అప్పుడు మీటరు వైపు చూస్తే అందులో ఆర్ అక్షరం వెలుగుతోంది. చేతి దగ్గర రాడ్ పీ పక్కన ఉంది, గేర్ బాక్సు ఇంకా రివర్సులోనే ఉంది. తుప్పు పట్టిన కేబులు మేము తోసిన తోపులో కొంత తానే మింగేసి, మిగిలింది మాత్రం అవతలికి పంపింది.

పెద్దమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఆరు వారాలు చెప్పలేదు. సిగ్గు. కమిటీకి "గేరు సరిగ్గా పడడం లేదు" అని ఒక వాక్యం రాసి సర్వీస్ సెంటర్‌కు పంపించినాము. అక్కడ వాళ్ళు ఒక రౌండు తోలి చూసి, "ఆటోమేటిక్ పాతబడితే ఇంతే సార్, గేర్ బాక్సు దించాలి" అని ఎనభై ఐదు వేలకు కాగితం ఇచ్చినారు. ఆ కాగితం చూసే మీరందరూ బండిని ఇచ్చేద్దాం అంటున్నారు. ఆ కాగితం పుట్టింది మా సగం మాట వల్ల. "ఆసుపత్రిలో ఇలా జరిగింది, చేతి దగ్గర ఒక అక్షరం, మీటరులో ఇంకో అక్షరం కనిపించింది" అని పూర్తిగా చెప్పి ఉంటే, కేబులు చూడాలన్న ఆలోచన వాళ్ళకూ వచ్చి ఉండేదేమో.

మాకు ఆ ఆలోచన వచ్చింది గేర్ బాక్సు చదువు వల్ల కాదు, పాత ఉద్యోగం వల్ల. మొదట్లో ఒక చిన్న స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా ఉన్నాము. అప్పుడు చేతి సిగ్నళ్ళే. కేబిన్‌లో లివర్‌మ్యాన్ లివరు లాగితే, ఎక్కడో దూరంలో ఉన్న స్తంభం మీద సిగ్నల్ చెయ్యి కదిలేది. మధ్యలో ఉండేది ఒక ఇనుప తీగ, పట్టాల పక్కన చిన్న చిన్న కప్పీల మీదుగా పోతుంది. ఎండకు తీగ సాగితే లివరు పూర్తిగా లాగినా అక్కడ సిగ్నల్ పూర్తిగా కదలదు. తుప్పు పట్టినా, కప్పీలో రాయి ఇరుక్కున్నా లివరు రాదు. లివరు బిగుసుకుంటే సిగ్నల్ స్తంభం మార్చాలని ఎవరూ అనలేదు. తీగ వెంబడి నడుచుకుంటూ పోయి చూసేవాళ్ళు. ఇంకో సంగతి, లివరు లాగినంత మాత్రాన సిగ్నల్ పడినట్టు కాదు. అక్కడ నిజంగా పడిందా అని చూడాలి. ఆసుపత్రి వాకిట్లో మేము మరిచిపోయింది అదే. టికెట్లు అమ్మిన క్లర్కు అయినా, అంతకాలం కేబిన్ పక్కనే కూర్చున్నవాడు మరవకూడదు.

మన బండిలోనూ లెక్క అదే. చేతిలో రాడ్, ముందు ఇంజిను పక్కన గేర్ బాక్సు, మధ్యలో ఒక కేబులు. గొట్టంలాంటి తొడుగు, లోపల ఇనుప తీగ. రాడ్ కదిలితే తీగ లోపల జరిగి, గేర్ బాక్సు మీదున్న చిన్న చెయ్యిని తిప్పుతుంది. పీ, ఆర్, ఎన్, డీ అన్నీ ఆ చెయ్యి తిరిగే చోట్లే.

మేము వీధి చివర షెడ్డులో ఉన్న కుర్రవాడిని పిలిచినాము. సర్వీస్ సెంటర్ యూనిఫారం లేదు, గోళ్ళ నిండా గ్రీజు. మొదట బండిని సమానమైన నేల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలకూ రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగమన్నాడు. కేబులు ఊడదీస్తే పీ అనేది ఉత్త బొమ్మే, బండిని పట్టుకొని ఉండేది ఇంకేమీ ఉండదు అని వాడు చెప్పినాడు. ఇంజిను ఆపి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకు తీసి, గేర్ బాక్సు దగ్గర కేబులు చివర ఊడదీసినాడు. ఇప్పుడు లోపల కూర్చొని రాడ్ కదిలించండి అన్నాడు. కదిలించినాము. అంతే బిగువు. తర్వాత గేర్ బాక్సు మీది చెయ్యిని వాడు రెండు వేళ్ళతో తిప్పినాడు. టక్, టక్ మని ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగుతూ మెత్తగా తిరిగింది. మీటరులో అక్షరాలు వరసగా వెలిగినాయి. ఎనభై ఐదు వేల రూపాయల కాగితం అక్కడే చిరిగిపోయింది.

బిగువు రాడ్‌లో ఉందా, కేబులులో ఉందా అనేది మిగిలింది. కాఫీ, కూల్‌డ్రింకు రాడ్ పక్కన ఒలికి, చక్కెర పాకం ఎండి బిగుసుకున్న బండ్లు చాలా చూసినానని కుర్రవాడు అన్నాడు. మన బండిలో ప్రసాదం పులిహోర మెతుకులు, రెండు రూపాయల బిళ్ళలు మూడు దొరికినాయి (ట్రెజరర్ తమ్ముడికి అప్పజెప్పినాము). పాకం లేదు. కేబులును రాడ్ దగ్గర కూడా ఊడదీస్తే రాడ్ పూలలాగా కదిలింది. కేబులు తీగను పక్కడుతో పట్టి లాగితే వాడికే చెయ్యి నొప్పి పెట్టింది. గేర్ బాక్సు వైపు రబ్బరు తొడుగు చిరిగి ఉంది, దాంట్లో ఎర్రటి తుప్పు పొడి.

నీళ్ళు ఎప్పుడు పోయినాయో మాకు వెంటనే తెలిసింది. 2023 డిసెంబరు, మిగ్‌జాం తుఫాను. మండపం వీధిలో మూడు రోజులు నీళ్ళు నిలిచినాయి, మన బండి బంపరు మునిగింది. నీళ్ళు తీసినాక ఇంజిన్ ఆయిలు, గేరాయిలు మార్పించినాము, సీట్లు ఎండబెట్టినాము, కార్పెట్ వాసన పోవడానికి వేపాకు కూడా పెట్టినాము. ఒక తొడుగు లోపల దాక్కున్న తీగను ఎవరూ చూడలేదు. మీలో ఎవరి బండ్లు ఆ నీళ్ళలో నిలబడినాయో, ఒకసారి చూపించుకోండి.

ఇక్కడ కొందరికి ఒక సందేహం. గేరాయిలు మారిస్తే రాడ్ వదులవుతుంది కదా అని గ్రూపులో ఒకరు రాసినారు. కాదు. గేరాయిలు పాతబడితే డీలో పెట్టినాక బండి ఆలస్యంగా అందుకుంటుంది, కుదుపు ఇస్తుంది, ఇంజిను అరుస్తుంది కానీ బండి లాగదు, ఆయిలు మాడిన వాసన వస్తుంది. మన బండికి వీటిలో ఒక్కటీ లేదు. రాడ్ ఒకసారి డీలో పడితే వెంటనే మెత్తగా పోతుంది. ఇంకొకరు కేబులులోకి ఆయిలు కొట్టించమన్నారు. కొట్టిస్తే ఒక వారం బాగుంటుంది. తుప్పు తిన్న తీగ మళ్ళీ కొత్తది కాదు, పైగా ఆయిలుకు దుమ్ము అంటుకుంటుంది. రాడ్ పై నుంచి స్ప్రే కొట్టడం అసలే వద్దు, కింద వైర్లు, స్విచ్చులు ఉంటాయి. కేబులు మార్చడమే పని.

మీ ఇళ్ళలోనూ ఇప్పుడు ఆటోమేటిక్ బండ్లు వచ్చినాయి కాబట్టి రెండు మాటలు. అన్ని బిగువులూ ఒకటి కావు. ఏటవాలు మీద రాత్రి నిలబెట్టి, పొద్దున పీ నుంచి తీసేటప్పుడు మాత్రమే గట్టిగా ఉండి, దడ్ మని ఊడి వస్తే, అది తుప్పు కాదు, మీ అలవాటు. పీలో పెడితే గేర్ బాక్సు లోపల ఒక చిన్న కొక్కెం పళ్ళచక్రంలో పడుతుంది. హ్యాండ్ బ్రేకు వెయ్యకపోతే బండి బరువంతా ఆ కొక్కెం మీద రాత్రంతా వేలాడుతుంది. బ్రేకు తొక్కి ఉంచి, ఎన్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు మెల్లగా వదిలి బండి దాని మీద కూర్చున్నాక, మళ్ళీ బ్రేకు తొక్కి పీలో పెట్టండి. మా మనవరాలు అయిదు నిమిషాల్లో నేర్చుకుంది, మాకు ఒక నెల పట్టింది.

పీ నుంచి అసలే కదలకపోతే అది ఇంకో కథ. తాళం ఆన్ చేసి బ్రేకు తొక్కితే తప్ప రాడ్ రాకుండా చాలా బండ్లలో ఒక లాకు ఉంటుంది. కేబిన్‌లో ఒక లివరు సరిగ్గా లేకపోతే ఇంకో లివరు రాదే, అదే ఏర్పాటు. బ్రేకు తొక్కి, వెనక ఎర్ర లైటు వెలుగుతోందా అని ఇంట్లోవాళ్ళను చూడమనండి. వెలగకపోతే బ్రేకు స్విచ్చో ఫ్యూజో పోయింది. బ్రేకు లైటు లేని బండిని రోడ్డు మీదికి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. రెండు చేతులతో పెరికితే మాత్రం రాడ్ విరుగుతుంది.

ఇప్పుడు ట్రెజరర్ తమ్ముడి మాట. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. "ఇవాళ కేబులు, రేపు ఇంకొకటి, 2011 బండికి ఎంత పోస్తారు?" అని అడిగినాడు. పైగా 2026లో పదిహేనేళ్ళు నిండుతాయి, రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి, దానికి ఫీజు అయిదు వేలు, బండిని చూపించే ముందు టైర్లు మార్చాల్సి వస్తుంది. నిజమే. ఇవన్నీ కలిపి మేము లెక్క వేసినాము. కేబులు కొత్తది జనరల్ ప్యాటర్స్ రోడ్డులో 2,400 చెప్పినారు. పుదుపేటలో పాతది ఎనిమిది వందలకే దొరుకుతుంది, కానీ ఇంకో మునిగిన బండిలోది తెచ్చి పెట్టుకోవడం తెలివి కాదు. కుర్రవాడి కూలి 1,500. ఆ నాలుగు వేలకు రిజిస్ట్రేషన్, రెండు టైర్లు కలిపినా ఇరవై వేలు దాటదు. రిజిస్ట్రేషన్ అయితే ఇంకో అయిదేళ్ళు. పెద్దమ్మ ట్రిప్పులు మాత్రమే తీసుకొని, రానూపోనూ ఆటోకు అయిదు వందలు వేసినా సంవత్సరానికి నలభై ఎనిమిది వేలు. కాయలాన్ కడ ఇచ్చే నలభై వేలు పది నెలల్లో ఆటోలకే అయిపోతాయి. పెట్రోలు ఖర్చు ఉంది కదా అంటారు, ఉంది, దాన్ని కూడా కాగితంలో రాసి పెట్టినాము. మీటింగులో చూడండి.

కేబులు మార్చినాక మళ్ళీ మూడు నెలల్లో గేరు పని చెయ్యకపోతే కాయలాన్ కడ మనిషిని మేము నలుగురమే పిలుచుకొని వస్తాము. ఇది రాసి ఇస్తాము.

ఇంకొక మాట కమిటీకి. బండి తోలేవాళ్ళకు ట్రిప్ రిజిస్టర్‌లో కిలోమీటర్లు, పెట్రోలు రాయడానికి గడులు ఉన్నాయి, "బండిలో ఏదైనా తేడా కనిపించిందా" అని రాయడానికి గడి లేదు. ఆ గడి ఉంటే మేము మొదటి నెలలోనే రాసేవాళ్ళమా అని అడిగితే, ఖచ్చితంగా చెప్పలేము. సిగ్గుపడే మనిషి గడి ఉన్నా దాన్ని ఖాళీగా వదిలేస్తాడు. అయినా ఒక గడి గీయండి. సోమవారం నాడు జరిగినదాన్ని అందులో మొదటి వరసలో మేమే రాస్తాము, తేదీతో. పెద్దమ్మ ఇంటికి పోయి క్షమించమని అడిగినాము. ఆయమ్మ "మళ్ళీ ఎప్పుడు తీసుకుపోతారు రా" అని అడిగింది. ఈ రెండు వారాలు ఆయమ్మ ఆటోలోనే పోతోంది.

ఆదివారం పొద్దున తొమ్మిదికే బండి మండపం ముందు ఉంటుంది, కేబులు ఊడదీసి. కుర్రవాడు కూడా వస్తాడు. ఓటు వేసేముందు ఎవరైనా లోపల కూర్చొని రాడ్ కదిలించి చూడవచ్చు, తర్వాత ఆ కేబులును చేతికి ఇస్తాము, లాగి చూడండి. చక్రాల కింది రాళ్ళు మాత్రం ఎవరూ తీయవద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.